మొలతాడు బిగుసుకుంటే నెత్తురు పరీక్ష చేయించాలి

జగిత్యాల పక్క పల్లెలో మా బంధువు ఒకాయన ఉన్నారు. ఆరెకరాల ఆసామి. వయసు 58. పోయిన వానాకాలం నాట్లప్పుడు కాలి బొటనవేలికి చిన్న దెబ్బ తగిలింది. పసుపు పెట్టి గుడ్డపేలిక చుట్టారు. పదిహేను రోజులైనా మానలేదు. నెల తిరిగేసరికి వేలు నల్లబడింది. పట్నం దవాఖానకు తీసుకుపోతే వేలు తీసేయక తప్పలేదు. షుగరు మూడు వందలు దాటిందనీ, ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదనీ డాక్టరు చెప్పారు.

ఇంటికి వచ్చాక ఆయన కూతురు పాత కాగితాలన్నీ వెతికింది. సందుగ అడుగున, పట్టా పాసుపుస్తకం కింద, ఒక నెత్తురు పరీక్ష చీటీ దొరికింది. తొమ్మిదేళ్ళ నాటిది. పరగడుపున షుగరు 114 అని అందులో ఉంది. "అప్పుడు అడిగితే బార్డర్ల ఉన్నది, షుగరు లేదు, భయపడకు అన్నరు" అని ఆయనే చెప్పారు. భయపడవద్దన్నారు కాబట్టి ఆయన భయపడలేదు. చీటీని మడిచి సందుగలో పెట్టారు. మళ్ళీ పరీక్ష చేయించుకోలేదు.

తప్పు ఎవరిదని తగవు పెట్టడం నా ఉద్దేశం కాదు. ఆ చీటీ మీది అంకె మాత్రం నిజమే చెప్పింది. రాబోయే జబ్బు గురించి తొమ్మిదేళ్ళ ముందే కబురు పెట్టింది. ఆ కబురును చదివి చెప్పేవారు లేకపోయారు. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెల్లో ఇలాంటి చీటీలు ఎన్ని సందుగల్లో పడి ఉన్నాయో తలచుకుంటే గుండె బరువెక్కుతుంది.

పల్లెకు రాదనుకున్న జబ్బు

షుగరు పట్నపు జబ్బనీ, కుర్చీలో కూర్చునే దొరల జబ్బనీ మన పెద్దలు అనుకునేవారు. ఆ రోజుల్లో అది చాలావరకు నిజం కూడా. ఇప్పుడు కాదు. భారత వైద్య పరిశోధన మండలి దేశంలోని రాష్ట్రాలన్నిటిలో జరిపించిన పెద్ద సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగరు వ్యాధి ఉందనీ, 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారనీ ఆ సర్వే తేల్చింది. వంద మంది పెద్దవాళ్ళను తీసుకుంటే దాదాపు 40 మందికి పొట్ట చుట్టూ కొవ్వు పేరుకుని ఉంది.

ఇందులో మనం ముఖ్యంగా గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. షుగరు వ్యాధి ఇప్పటికే వచ్చినవారు పట్టణాల్లో ఎక్కువ, పల్లెల్లో తక్కువ. కానీ అంచున ఉన్నవారి సంఖ్యలో పట్టణానికీ పల్లెకూ ఆట్టే తేడా లేదు. అంటే పట్టణాలకు నిన్న వచ్చిన వరద మన చెరువు కట్ట దాకా వచ్చి నిలిచింది. కట్ట తెగకముందే చూసుకోవాలి.

ఈ మార్పు ఎట్లా వచ్చిందో మన ఊళ్ళను చూస్తేనే తెలుస్తుంది. 1963లో పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు పునాదిరాయి పడింది. కాకతీయ కాలువ నీరు పారిన చోటల్లా వరి వచ్చింది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాయి. 2025 ఏప్రిల్ నుంచి రేషను దుకాణంలో సన్నబియ్యమే ఇస్తున్నారు. ఆకలి తీరింది. ఇది చిన్న విషయం కాదు, దాన్ని తప్పుపట్టేవాడు ఆకలి ఎరగనివాడే. కానీ పొద్దున మక్కగటక, మధ్యాహ్నం జొన్నరొట్టె, ఎండకాలం అంబలి తాగిన ఇళ్ళలో మూడు పూటలా తెల్లటి అన్నమే మిగిలింది. దానికి తోడు నాగలి పోయి ట్రాక్టరు వచ్చింది. కోతకు యంత్రం వచ్చింది. పొలానికి నడిచిపోయేవాడు మోటారు సైకిలు మీద పోతున్నాడు. మెట్‌పల్లి, కోరుట్ల, నిర్మల్ వైపు వేలాది మంది ఆడవాళ్ళు పొద్దున చాట ముందేసుకుని కూర్చుంటే పొద్దుగూకే దాకా బీడీలు చుడుతూనే ఉంటారు. తిండి ఒకవైపు పెరిగింది, ఒంటి కదలిక మరోవైపు తగ్గింది.

మన దగ్గర ఒళ్ళు చేయడాన్ని ఎవరూ జబ్బుగా చూడరు. దుబాయి నుంచి వచ్చినవాడు కాస్త బొజ్జ పెంచుకుని వస్తే "మంచిగ ఒళ్ళు చేసిండు" అని సంతోషిస్తాం. బక్కచిక్కి వస్తేనే బెంగపడతాం. కరువు చూసిన జాతికి ఈ ఆలోచన సహజమే. అయితే ఆ బొజ్జ లోపల ఏం జరుగుతోందో కూడా తెలుసుకోవాలి.

లస్కరు, తూము, నీరు

కాలువ కింద సేద్యం చేసే రైతుకు ఈ విషయం తేలికగా అర్థమవుతుంది. మనం తిన్న అన్నం చక్కెరగా మారి నెత్తురులో పారుతుంది. నెత్తురు కాలువ అనుకుంటే, కండలు పొలాలు. కాలువలో నీరు ఎంత ఉన్నా లస్కరు వచ్చి తూము తలుపు ఎత్తితేనే పొలంలోకి పారుతుంది. ఒంట్లో ఆ లస్కరు పని చేసేది ఇన్సులిన్. పొట్టలో క్లోమం అనే గ్రంథి దాన్ని తయారు చేస్తుంది.

పొట్ట చుట్టూ, కాలేయంలో కొవ్వు పేరుకున్నప్పుడు తూము తలుపులు తుప్పు పట్టినట్టు బిగుసుకుపోతాయి. ఒక లస్కరు ఎత్తే తలుపుకు ఇద్దరు, ముగ్గురు కావలసి వస్తుంది. క్లోమం పాపం ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసి పంపుతూనే ఉంటుంది. పొలానికి నీరు అందుతుంది, కాలువ మట్టం కూడా మామూలుగానే కనిపిస్తుంది. అంటే ఆ దశలో షుగరు పరీక్ష చేస్తే అంకె బాగానే ఉంటుంది. మనిషికి ఏ బాధా తెలియదు. ఏళ్ళు గడిచాక క్లోమం అలసిపోతుంది. లస్కర్లు చాలరు. అప్పుడు కాలువ పొంగుతుంది. మనం షుగరు వచ్చిందని చెప్పుకునేది ఆ రోజును. నిజానికి జబ్బు మొదలైంది ఎప్పుడో.

ఎంత ముందు మొదలవుతుంది? ఇంగ్లండులో 6,538 మంది ప్రభుత్వ ఉద్యోగులను ఏళ్ళ తరబడి గమనించి 2009లో ఫలితాలు ప్రకటించారు. షుగరు వ్యాధి తేలిన వారిలో దానికి ఐదేళ్ళ ముందే తూములు బిగుసుకోవడం జోరందుకుంది. మూడేళ్ళ ముందు నుంచి పరగడుపు షుగరు పైకి ఎక్కడం మొదలైంది. అమెరికాలో ఫ్రామింగ్‌హాం అనే ఊరివారి మీద జరిపిన మరో పరిశోధన 2011లో వచ్చింది. నెత్తురులోని ఐదు రకాల అమైనో ఆమ్లాలు, అంటే మాంసకృత్తులు విడిపోగా వచ్చే పదార్థాలు, ఎక్కువగా ఉన్నవారికి తర్వాతి 12 ఏళ్ళలో షుగరు వచ్చే అవకాశం ఎక్కువని అందులో తేలింది. పరీక్ష జరిగిన నాటికి వారి షుగరు మామూలుగానే ఉంది. నిప్పు కనబడక ముందే పొగ వాసన పట్టవచ్చునని దీని అర్థం.

ఏ పరీక్ష ఏం చెబుతుంది

ఇంతకూ మన పల్లె మనిషి ఏ పరీక్ష చేయించుకోవాలి? పేర్లు వింటే కంగారు పుడుతుంది గాని, అవసరమైనవి కొన్నే.

మొదటిది పరగడుపు షుగరు. రాత్రి తిన్న తర్వాత ఎనిమిది గంటలు మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోకుండా పొద్దున ఇచ్చే నెత్తురు. 126 దాటితే షుగరు వ్యాధి. 100 దాటితేనే జాగ్రత్తపడాలని అమెరికా వైద్యులు అంటారు, 110 నుంచి అంచుగా లెక్కించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఎవరి లెక్క ప్రకారం చూసినా మా బంధువుగారి 114 అంచులోనే ఉంది.

రెండోది గ్లూకోజు తాగి చేయించే పరీక్ష. 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగించి, రెండు గంటల తర్వాత నెత్తురు తీస్తారు. ఆ రెండు గంటలూ కూర్చునే ఉండాలి, బీడీ కాల్చకూడదు. 140 నుంచి 199 వరకు ఉంటే అంచు, 200 దాటితే వ్యాధి. పరగడుపు షుగరు బాగుండి ఇందులో దొరికిపోయేవారు మన దేశంలో చాలామంది ఉన్నారు. కాబట్టి పొట్ట ఉన్నవారు ఈ పరీక్షను దాటవేయరాదు.

మూడోది మూడు నెలల సగటు చెప్పే పరీక్ష. దీన్ని హెచ్‌బీఏ1సీ అంటారు. నెత్తురులోని ఎర్రకణాలు సుమారు 120 రోజులు బతుకుతాయి. అన్నాళ్ళూ వాటికి ఎంత చక్కెర అంటుకుందో ఇది చూపిస్తుంది. 5.7 నుంచి 6.4 వరకు అంచు, 6.5 ఆపైన వ్యాధి. పరగడుపున ఉండనక్కర లేకపోవడం దీనిలో సౌకర్యం. దీనిలోని మెలిక గురించి తర్వాత చెబుతాను.

నాలుగోది కొవ్వు పరీక్ష. ట్రైగ్లిజరైడ్లు 150 దాటడం, మంచి కొలెస్టరాలు మగవారిలో 40 కంటే, ఆడవారిలో 50 కంటే తగ్గడం, ఈ రెండూ ఒకే మనిషిలో కనిపిస్తే తూములు బిగుసుకుంటున్నాయని అనుమానించాలి. కాలేయానికి చేసే ఎస్‌జీపీటీ పరీక్ష తాగుడు అలవాటు లేనివారిలో కూడా ఎక్కువగా వస్తుంటే కాలేయంలో కొవ్వు చేరి ఉండవచ్చు. ఇవన్నీ మామూలు ప్రయోగశాలల్లో జరిగేవే.

ఇక నెత్తురులో ఇన్సులిన్ ఎంత ఉందో కొలిచే పరీక్ష ఉంది. దీని వెనుక పద్ధతిని కనుగొన్నందుకే అమెరికా శాస్త్రవేత్త రోసలిన్ యాలోకు 1977లో నోబెల్ బహుమతి వచ్చింది. అడిపోనెక్టిన్ అని ఇంకొకటి ఉంది. కొవ్వు కణాలే దాన్ని విడుదల చేస్తాయి. విచిత్రమేమంటే కొవ్వు పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది, తగ్గినవారికి షుగరు వచ్చే అవకాశం పెరుగుతుంది. శాస్త్రవేత్తలకు ఇవన్నీ చాలా ఉపయోగపడుతున్నాయి. కానీ పల్లెలో మనిషి వీటి కోసం డబ్బు పోయవలసిన పనిలేదు. ఇన్సులిన్ అంకె ఒక ప్రయోగశాలలో ఒకలా, మరోచోట మరోలా వస్తుంది. ఇంత దాటితే ప్రమాదం అనే గీత ఇంకా అందరికీ ఒకటిగా ఏర్పడలేదు. తల నుంచి కాలి దాకా అన్ని పరీక్షలూ ఒకే ధరకు అని కరపత్రాలు పంచేవారి మాటలకు లోబడి వేలు ఖర్చు చేయడం కంటే, పైన చెప్పిన నాలుగింటిని సరైన సమయంలో చేయించుకోవడం మేలు.

ముందు నడుము కొలత

ఊరందరికీ సూది గుచ్చాలని నేను అనడం లేదు. ఎవరికి గుచ్చాలో ముందు ఒక దారం చెబుతుంది. మీ ఎత్తంత పొడవు దారం తీసుకోండి. దాన్ని సగానికి మడవండి. బొడ్డు దగ్గర నడుము చుట్టూ తిప్పండి. రెండు కొసలూ కలిస్తే మంచిదే. కలవకపోతే మీ నెత్తురు చూపించుకోవాలి. టేపుతో కొలిస్తే మన దేశంలో మగవారికి 90 సెంటీమీటర్లు, అంటే ముప్పై అయిదున్నర అంగుళాలు, ఆడవారికి 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు హద్దు. మొలతాడు కట్టుకునే మగవాడికి ఇది కూడా అక్కరలేదు. నిరుడు వదులుగా ఉన్న మొలతాడు ఈ ఏడు ఒంట్లో దిగబడుతుంటే అదే మొదటి చీటీ.

మెడ వెనుక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా, మఖమల్ గుడ్డలా మారితే మురికి అనుకుని రుద్దుతుంటారు. రుద్దితే పోదు. ఇన్సులిన్ ఎక్కువైందని చర్మం చూపించే గుర్తు అది. లావుగా ఉన్న పిల్లల్లో కూడా ఇది కనిపిస్తుంది. అలాగే కాన్పు సమయంలో షుగరు వచ్చి, కాన్పు తర్వాత పోయిన తల్లులకు ముందుముందు షుగరు వచ్చే అవకాశం మిగతా వారికంటే ఏడు నుంచి పది రెట్లు ఎక్కువ. బిడ్డకు టీకాలు వేయించడానికి వచ్చినప్పుడే తల్లికి కూడా షుగరు పరీక్ష చేయాలి. మన దగ్గర బిడ్డను చూస్తారు, తల్లిని మరచిపోతారు.

బక్కగా కనిపించినంత మాత్రాన ధీమా పనికిరాదు. పుణె వైద్యుడు యాజ్ఞిక్, ఆయన ఇంగ్లండు మిత్రుడు యుడ్‌కిన్ ఇద్దరూ ఎత్తుకు తగ్గ బరువు లెక్కలో సరిసమానం. కానీ ఒంట్లో కొవ్వు కొలిస్తే మనవాడికి 21.2 శాతం, ఇంగ్లండు ఆయనకు 9.1 శాతం తేలింది. 2004లో వారిద్దరూ తమ ఫోటో వేసి మరీ ఈ సంగతి ప్రకటించారు. మనవాళ్ళు చూడటానికి సన్నం, లోపల కొవ్వు. కాబట్టి తూకం రాయి కంటే నడుము దారాన్నే నమ్మాలి.

కడుపులో ఉన్నప్పుడే మొదలు

దీనికి మూలం ఇంకా వెనుక ఉంది. ఆ సంగతి మన తెలంగాణ పల్లెల్లోనే బయటపడింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1987 నుంచి 1990 వరకు నగరం చుట్టుపక్కల 29 పల్లెల్లో ఒక పరిశీలన జరిపింది. కొన్ని పల్లెల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనంగా ఉప్మా వండి పెట్టారు. మిగతా పల్లెల్లో అప్పటికి ఆ పథకం రాలేదు. 2003-05 మధ్య, ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ళ వారైనప్పుడు, 1,165 మందిని మళ్ళీ పరీక్షించారు. తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచి ఉప్మా అందిన పల్లెల పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడుగు పెరిగారు. అంతకంటే ముఖ్యం, వారి నెత్తురులో ఇన్సులిన్‌కు ఒళ్ళు ఎదురు తిరిగే గుణం 20 శాతం తక్కువగా ఉంది. 2008లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

ఒక గిన్నె ఉప్మా చేసిన మేలు పదిహేనేళ్ళ తర్వాత నెత్తురులో కనిపించిందన్న మాట. గర్భంలో ఉండగా తిండి చాలక పుట్టి, పెద్దయ్యాక ఒక్కసారిగా తిండి పెరిగిన తరం మనది. అంగన్‌వాడీలో గర్భిణికి పెట్టే గుడ్డు, పాలు, పప్పు కూడా షుగరు నివారణ కిందికే వస్తాయని అధికారులు గుర్తుంచుకోవాలి.

ఆదిలాబాద్ అడవుల్లో మెలిక

ఇప్పుడు మూడు నెలల సగటు పరీక్షలోని మెలిక చెబుతాను. ఆ పరీక్ష ఎర్రకణాల మీద ఆధారపడింది. ఎర్రకణాలే సరిగా లేకపోతే పరీక్ష తప్పుతుంది. ఇనుము తక్కువై నెత్తురు పలచబడిన వారిలో, షుగరు పెరగకపోయినా అంకె పైకి కనిపించవచ్చు. మన రాష్ట్రంలో ఆడవారిలో సగానికి పైగా నెత్తురు పలచబడినవారే. దీనికి ఎదురుగా, కొడవలి కణాల జబ్బు ఉన్నవారిలో ఎర్రకణాలు తొందరగా చనిపోతాయి. వాటికి చక్కెర అంటుకునే వ్యవధి ఉండదు. షుగరు ఉన్నా అంకె తక్కువ చూపిస్తుంది. ఆ లక్షణం ఒక్క తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చి, పైకి జబ్బు లేకుండా తిరిగేవారిలో కూడా అంకె కాస్త తక్కువగా రావచ్చునని 2017లో అమెరికాలో జరిగిన పరిశీలన చెప్పింది.

ఉట్నూరు, జైనూరు, నార్నూరు, తిర్యాణి మండలాల్లోని గోండు, కొలాం గూడేలకు ఇది పుస్తకాల మాట కాదు. ఇటువైపు గిరిజనుల్లో కొడవలి కణాల లక్షణం ఉంది. 2023 జులైలో కేంద్ర ప్రభుత్వం ఆ జబ్బు నిర్మూలనకు జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి, గిరిజన ప్రాంతాల్లో అందరికీ పరీక్షలు జరపాలని తలపెట్టింది. ఒక చేత్తో కొడవలి కణాల కార్డు ఇస్తూ, మరో చేత్తో అదే మనిషికి హెచ్‌బీఏ1సీ ఒక్కటే చేసి షుగరు లేదని పంపేస్తే ఏం లాభం? అక్కడ పరగడుపు షుగరు, గ్లూకోజు తాగించి చేసే పరీక్షే నమ్మదగినవి. ఎక్కడైనా సరే, హెచ్‌బీఏ1సీ చేసిన చీటీ మీద హిమోగ్లోబిన్ ఎంతో కూడా పక్కనే రాయాలి.

తెలిస్తే ఏం లాభమంటారా?

"షుగరు రాకముందే వస్తుందని భయపెట్టడం ఎందుకు? వచ్చేది ఎట్లాగూ వస్తుంది" అని అడిగే పెద్దలు ఉన్నారు. ఈ ప్రశ్నకు సమాధానం చెప్పవలసిందే. అంచున ఉన్న ప్రతివారికీ షుగరు రాదు. కొందరు మళ్ళీ మామూలు స్థితికి వస్తారు. ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయేవారూ ఉన్నారు. కాబట్టి అంచు అనే మాటను శిక్షలా వినిపించరాదు. కానీ వచ్చేది వస్తుందనుకోవడం కూడా తప్పు.

చెన్నైకి చెందిన డాక్టరు రామచంద్రన్ బృందం అంచున ఉన్న 531 మంది భారతీయులను మూడేళ్ళు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. ప్రత్యేక శిక్షణ ఏదీ ఇవ్వని వారిలో మూడేళ్ళలో 55 శాతం మందికి షుగరు వచ్చింది. తిండి సరిచేసి, రోజుకు అరగంట చురుగ్గా నడిపించిన వారిలో 39 శాతం మందికే వచ్చింది. వారి బరువు పెద్దగా తగ్గకపోయినా ఈ లాభం కలగడం విశేషం. చైనాలోని డాచింగ్ నగరంలో 1986లో మొదలైన పరిశీలన ఇంకా పెద్దది. తిండి, వ్యాయామం మార్చుకున్నవారికి షుగరు దాదాపు నాలుగేళ్ళు ఆలస్యంగా వచ్చిందని 30 ఏళ్ళ తర్వాత చూసినప్పుడు తేలింది. కాళ్ళు, కళ్ళు, మూత్రపిండాలు నాలుగేళ్ళు ఎక్కువ పనిచేస్తే ఒక కూలి కుటుంబానికి అది నాలుగేళ్ళ బతుకుతెరువు.

చేయవలసినవి కూడా మనకు తెలియనివి కావు. మూడు పూటల అన్నంలో ఒక పూటకు జొన్నరొట్టెనో మక్కగటకనో తిరిగి తెచ్చుకోవాలి. కంచంలో అన్నం తగ్గించి పప్పు, కూర పెంచాలి. చాయలో చక్కెర, సీసాల్లోని తీపి పానీయాలు మానాలి. బీడీలు చుట్టే అక్కచెల్లెళ్ళు గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయాలి. నాట్లు, కోతలు లేని నెలల్లో రైతు కూడా రోజూ అరగంట నడవాలి. మందు అవసరమా కాదా అన్నది డాక్టరు చెప్పాలి, పక్కింటివారి మందుబిళ్ళలు మింగరాదు.

చీటీ ఇచ్చి పంపితే చాలదు

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనడం న్యాయం కాదు. 30 ఏళ్ళు దాటినవారికి షుగరు, రక్తపోటు పరీక్షలు జరపాలన్న కార్యక్రమం ఉంది. ఆశా కార్యకర్త నింపే ఫారంలో నడుము కొలతకు గడి కూడా ఉంది. 2021 జూన్‌లో కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, ఆసిఫాబాద్‌తో సహా 19 జిల్లా కేంద్రాల్లో ఉచిత పరీక్షలకు తెలంగాణ డయాగ్నోస్టిక్స్ కేంద్రాలు తెరిచారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తీసిన నెత్తురును అక్కడికి పంపించే ఏర్పాటు చేశారు. 2022 మార్చిలో రాజన్న సిరిసిల్ల, ములుగు జిల్లాల్లో 18 ఏళ్ళు దాటిన వారందరి ఆరోగ్య వివరాలు సేకరించే పని ప్రయోగంగా మొదలైంది. సిబ్బంది ఇంటింటికీ తిరిగారు. ఇవన్నీ మెచ్చుకోదగ్గవే.

లోటు ఆ తర్వాతి మెట్టులో ఉంది. శిబిరంలో తిన్న తర్వాతనో తినకముందో తెలియకుండా వేలికి సూది గుచ్చి, 130 వస్తే "నీకు షుగరు లేదు, పో" అంటారు. ఆ మనిషి నడుము 100 సెంటీమీటర్లు ఉన్నా, తల్లిదండ్రులిద్దరికీ షుగరు ఉన్నా లెక్కలోకి రాదు. వ్యాధి ఉన్నవారికి మందులు ఇస్తారు, లేనివారిని పంపేస్తారు. నడుమ ఉన్నవారికి పేరే లేదు. గనుల్లో పనిచేసేవారికి నిర్ణీత కాలానికి ఒకసారి వైద్య పరీక్ష ఉంది. వ్యవసాయ కూలీకి, బీడీ కార్మికురాలికి అలాంటి ఏర్పాటు ఏదీ లేదు.

జిల్లా వైద్యాధికారులు, ప్రజాప్రతినిధులు ఈ కింది విషయాలపై శ్రద్ధ వహించాలని కోరుతున్నాను.

ప్రతి గ్రామ పంచాయతీలో ఒక టేపు ఉంచి, 30 ఏళ్ళు దాటిన వారందరి నడుము ఏడాదికొకసారి కొలిచి పుస్తకంలో రాయాలి. హద్దు దాటినవారికి వేలి సూదితో సరిపెట్టకుండా పరగడుపు పరీక్ష, గ్లూకోజు పరీక్ష రెండూ జరపాలి.

పరగడుపు నెత్తురు తీసే పని పొద్దున ఆరింటికే ఊళ్ళో జరగాలి. కూలికి పోయేవారిని ఖాళీ కడుపుతో తొమ్మిదింటి దాకా బస్సు దిగి వరుసలో నిలబడమంటే ఎవరు వస్తారు? ఒక రోజు కూలి పోగొట్టుకుని వచ్చేది కాళ్ళు పుండ్లు పడినవారే.

చీటీ తెలుగులో ఉండాలి. మామూలు, అంచు, వ్యాధి అని మూడు గళ్ళు పెట్టి, మనిషి ఏ గడిలో ఉన్నాడో గుర్తు పెట్టి ఇవ్వాలి. అంచున ఉన్నవారికి మళ్ళీ ఏ నెలలో రావాలో తేదీ రాయాలి. రాకపోతే ఆశా కార్యకర్త ఇంటికి వెళ్ళి అడగాలి. ఆ అదనపు పనికి ఆమెకు అదనపు డబ్బు ఇవ్వాలి.

గిరిజన మండలాల్లో కొడవలి కణాల పరీక్ష ఫలితం చూసిన తర్వాతనే ఏ షుగరు పరీక్ష చేయాలో నిర్ణయించాలి.

ఇవి కోట్లు కుమ్మరించవలసిన పనులు కావు. టేపు, గ్లూకోజు పొడి, పొద్దున్నే లేచే ఒక మనిషి, చదవదగ్గ ఒక చీటీ చాలు. వేలు తీసిన తర్వాత ఆస్పత్రికి కట్టే బిల్లుతో పోలిస్తే ఈ ఖర్చు ఏపాటిది?

పాఠకులకు కూడా ఒక మనవి. ఈ పేపరు పక్కన పెట్టాక మీ సందుగ తెరవండి. పాత చీటీలు ఉంటే తీసి చూడండి. పరగడుపు షుగరు 100కూ 126కూ మధ్య, హెచ్‌బీఏ1సీ 5.7కూ 6.5కూ మధ్య కనిపిస్తే దాన్ని మళ్ళీ మడిచి పెట్టకండి. దగ్గరలోని ఆరోగ్య కేంద్రానికి పట్టుకుపోయి మళ్ళీ పరీక్ష చేయమని అడగండి. "షుగరు లేదు" అన్నా ఊరుకోకండి. "అంచున ఉన్ననా?" అని అడగండి. ఆ ఒక్క మాట తొమ్మిదేళ్ళ కింద మా బంధువు అడిగి ఉంటే, ఈ వానాకాలం ఆయన నాట్లు చూసుకోవడానికి కర్ర సాయం లేకుండా పొలం గట్టు మీద నడిచేవారు.